ఆవకాయ ముద్ద నుంచి మంట దాకా

ఆవకాయ కలిపిన వేడన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే ముందు తెలిసేది ఉప్పు. దాని వెంటే మామిడి పులుపు. కారం అంత తొందరగా రాదు. ఒకటి రెండు క్షణాలు ఆగి నాలుక కొసన మొదలవుతుంది, పక్కలకు పాకుతుంది, ముద్ద గొంతు దిగిపోయాక కూడా పెరుగుతూనే ఉంటుంది. మూడూ ఒకే ముద్దలో ఉన్నాయి కదా, ఒకటి ముందూ ఒకటి వెనకా ఎందుకు రావాలి?

ఎందుకంటే ఉప్పూ పులుపూ రుచులు, కారం రుచి కాదు. షడ్రుచుల్లో దానికి చోటిచ్చాం, ఉగాది పచ్చడిలో వేస్తాం. నాడీవ్యవస్థ లెక్కలో మాత్రం అది వేడి, నొప్పి కోవలోకి వస్తుంది. మిరపకాయలోకి థర్మామీటరు గుచ్చి చూసినా గది వేడికి మించి ఒక్క డిగ్రీ చూపించదు. కాయ మండడం లేదు. కాయలోని ఒక రసాయనం నోట్లో పడిన క్షణం నుంచి "అబ్బా, మండిపోతోంది" అనుకునే క్షణం దాకా జరిగే పనంతా మన ఒంట్లోదే. ఇంద్రియాలు లోకాన్ని ఉన్నదున్నట్టు లోపలికి చేరవేస్తాయని అనుకుంటాం. అవి ఎంత చేరవేస్తాయో అంత తయారు కూడా చేస్తాయి. ఆ తయారీని దగ్గరగా చూడాలంటే ఆవకాయ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముడిసరుకు

పచ్చిమిరపకాయను నిలువునా చీల్చి చూడండి. గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తని భాగం లోపల కనిపిస్తుంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ ప్రధానంగా తయారయ్యేది అక్కడే. కారమంతా గింజల్లోనే ఉందనుకుని చాలామంది గింజలు దులిపేసి ఊరుకుంటారు. గింజలకున్నది ఆ తెల్లటి భాగం నుంచి అంటిన కారం. బజ్జీల కోసం కాయ చీల్చి లోపలిదంతా గీకి తీసే వంటవాళ్లు చేసేదే సరైన పని.

కాయలో క్యాప్సైసిన్ ఎంత ఉంటుందన్నది రకాన్ని బట్టి మారుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే తేజ రకానికి ఘాటు ఎక్కువ. కర్ణాటక బ్యాడిగికి ఎరుపు ఎక్కువ, ఘాటు తక్కువ. టమాటా మిర్చి అని పిలిచే వరంగల్ చపాటా కూడా అంతే, చూపుకు నిప్పులా ఉంటుంది గాని తింటే అంతగా మండదు. ఎరుపునిచ్చే పదార్థాలు వేరు, ఘాటునిచ్చేది వేరు. కారప్పొడి రంగు చూసి ఘాటు అంచనా వేయకూడదు.

ఘాటును అంకెల్లో చెప్పే పద్ధతి 1912లో వచ్చింది. విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిరప సారాన్ని చక్కెర నీళ్లతో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు పలచన చేయాలో లెక్కకట్టాడు. బెంగళూరు మిర్చికి సున్నా. శుద్ధమైన క్యాప్సైసిన్‌కు 1.6 కోట్లు. ఇప్పుడు యంత్రాలు కాయలోని రసాయనాన్ని కొలిచి ఆ అంకెను కడుతున్నాయి గాని, ఆ కొలత పుట్టింది మనుషుల నాలుకల మీద. వేరే దారి లేదు మరి. తినేవాడు లేకపోతే కొలవడానికి మంటే ఉండదు.

నాలుక మీద నుంచి లోపలికి

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆలస్యానికి మొదటి కారణం ఇక్కడుంది. ఉప్పు లాలాజలంలో ఇట్టే కరుగుతుంది. రుచి మొగ్గల్లోని కణాలు సన్నని రంధ్రం గుండా కొసలు బయటికి పెట్టుకుని నాలుక ఉపరితలం మీదే సిద్ధంగా ఉంటాయి. ఉప్పు కరిగితే చాలు, వాటికి అందుతుంది. మంటను గుర్తించే నాడులకు అలా బయటికి తెరిచిన కొసలు లేవు. అవి నాలుక చర్మపు కణాల మధ్య, కొంచెం లోతులో ఉంటాయి. నాలుక మీద ఎర్రటి చుక్కల్లా కనిపించే బుడిపెల్లో, రుచి మొగ్గల చుట్టూ అవి గుబురుగా అల్లుకుని ఉంటాయి. ఆ బుడిపెలు నాలుక కొసన ఎక్కువ. మంట కొసనే మొదలైనట్టు అనిపించడానికి అదొక కారణం.

కాబట్టి క్యాప్సైసిన్ నూనెలోంచి విడివడి, లాలాజలాన్ని దాటి, కణాల వరసల్లోంచి దిగాలి. కణాల పొరలు కొవ్వుతో తయారైనవి కాబట్టి కొవ్వులో కరిగే ఈ రసాయనానికి అవి అడ్డు కావు. అయినా దిగడానికి సమయం పడుతుంది. చర్మం ఎంత మందంగా ఉంటే అంత ఆలస్యం. కారం అంటిన అరచెయ్యి చాలాసేపు ఊరుకోవడం, అదే చేత్తో కన్ను నులుముకుంటే క్షణంలో ప్రాణం మీదికి రావడం ఇందుకే. తిరిగి వెళ్లడానికీ సమయం పడుతుంది. లోపలికి దిగిన రసాయనం గొంతు దిగిన ముద్దతో పాటు పోదు.

తూము

ఇప్పుడు అసలు ఘట్టం. నాడి కొసను కప్పిన పొరలో ఒక ప్రోటీన్ ఉంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. నాలుగు ఒకేలాంటి ముక్కలు కలిసి మధ్యలో సన్నని దారి విడిచి నిలబడతాయి. మామూలుగా ఆ దారి మూసి ఉంటుంది. చెరువుకు తూము ఎలాగో నాడికి ఇది అలాగ. బయట సోడియం, కాల్షియం అయాన్లు నిండుగా ఉంటాయి, లోపల తక్కువ. తూము తెరుచుకుంటే తోసుకుని లోపలికి వస్తాయి.

ఈ తూము ఉన్న సంగతి 1997 దాకా రుజువు కాలేదు. మిరపకాయ మండుతుందని అందరికీ తెలుసు, ఎక్కడ పట్టుకుంటుందో తెలియదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం నొప్పిని తెలిపే నాడీకణాల్లో పనిచేసే జన్యువుల ముక్కల్ని లక్షల సంఖ్యలో పోగుచేసింది. క్యాప్సైసిన్‌కు ఏమాత్రం చలించని మామూలు కణాల్లోకి వాటిని కొన్ని కొన్ని చొప్పున ఎక్కించి, క్యాప్సైసిన్ పోసి చూస్తూ పోయారు. చివరికి ఒకే ఒక్క జన్యువు ఆ కణాలకు స్పందన నేర్పింది. అది తయారుచేసే ప్రోటీనే మన తూము. దాన్ని వేడిచేసి చూసినప్పుడు అసలు రహస్యం బయటపడింది. క్యాప్సైసిన్ లేకుండానే, దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటగానే అదే తూము తెరుచుకుంది. అంటే ఒంట్లో అది ఉన్నది మిరపకాయ కోసం కాదు, కాలే వస్తువును పసిగట్టడం కోసం. ఆ వేడికి తెరుచుకోవలసిన తూమును క్యాప్సైసిన్ వచ్చి వేడి లేకుండానే తెరుస్తోంది. ఈ పనికి జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. స్పర్శను గుర్తించే ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయన దాన్ని పంచుకున్నారు.

క్యాప్సైసిన్ ఈ తూమును బయటి నుంచి తట్టదు. నాడి పొరలోకి దూరి, లోపలి వైపు నుంచి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆలస్యంలో ఇంకొంత వాటా దీనిది.

ఈ తూమును సడలించేవి ఇంకా ఉన్నాయి. ఆమ్లం ఒకటి, మామిడి పులుపు దానిదే. ఇక పులుపు, వేడి, కారం మూడూ కలిసినప్పుడు ఒకదానికొకటి బలమిస్తాయి. ఆవకాయనీ వేడన్నాన్నీ కలిపిన మనిషి ఎవరోగాని, ఒకే తూము మీద మూడు చేతులు వేయించారు. అదే ఆవకాయ చల్లారిన అన్నంలో మెత్తబడినట్టు ఉంటుంది. మద్యం తాగినప్పుడు గొంతు మండేదీ దీనివల్లే. ఆల్కహాల్ సోకితే ఈ తూము దాదాపు 34 డిగ్రీలకే తెరుచుకుంటుంది, అంటే ఒంటి వేడి చాలు. మిరియాలలోని పైపరిన్ కూడా దీన్నే తెరుస్తుంది. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి రాకముందు వంటల్లో కారమంటే మిరియం, పిప్పలి వంటివే. మొక్క మారింది గాని నోట్లో తూము మారలేదు.

పక్షుల్లో ఈ ప్రోటీన్ కొద్దిగా వేరు. వేడికి తెరుచుకుంటుంది, క్యాప్సైసిన్‌కు చలించదు. పెంపుడు చిలక పండుమిరపకాయను జామపండు తిన్నట్టు తినేస్తే దాని ధైర్యానికి ముచ్చటపడతాం. దానికి మంటే లేదు. మొక్క వైపు నుంచి చూస్తే ఇది చక్కటి ఏర్పాటు. పక్షి గింజను నమలకుండా మింగి, దూరంగా రెట్టలో విడుస్తుంది. ఎలుకల్లాంటి జంతువులు గింజను నమిలి పాడుచేస్తాయి. మంట ఎవరికి తగలాలో వారికే తగులుతోంది.

నాడిలో వార్త

తూము తెరుచుకున్నాక జరిగేది విద్యుత్తు. ఊరికే ఉన్న నాడీకణం లోపలి వైపు బయటి కంటే దాదాపు 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. అయాన్లు లోపలికి వచ్చేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఒక హద్దు దాటిందా, నాడి కొస నుంచి విద్యుత్ స్పందన ఒకటి బయలుదేరుతుంది. హద్దు దాటకపోతే ఏమీ లేదు. సగం స్పందన, పావు స్పందన అంటూ ఉండవు.

మరి కొంచెం కారానికీ చాలా కారానికీ తేడా ఎలా తెలుస్తుంది? 1920ల్లో ఇంగ్లండులో ఎడ్గార్ ఏడ్రియన్ ఒక్కొక్క నాడీతంతువు మీద కొలతలు తీసి దీనికి జవాబు చెప్పాడు. ప్రేరణ పెరిగితే స్పందనల పరిమాణం పెరగదు, సెకనుకు వాటి సంఖ్య పెరుగుతుంది. 1932లో ఆయనకూ నోబెల్ వచ్చింది. ఇంద్రియాల గురించి తెలుసుకోదగ్గ విషయాల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. వెలుగైనా, శబ్దమైనా, మంటైనా నాడిలో నడిచేవి ఒకే రకం స్పందనలు. ఏ నాడిలో నడిచాయి, ఎంత వడిగా వచ్చాయి అన్న రెండిటి మీదే మెదడు ఆధారపడాలి.

మంటను మోసే తంతువులు చాలావరకు సన్నవి, పైన కొవ్వు తొడుగు లేనివి. వాటిలో వార్త సెకనుకు ఒక మీటరు వేగంతో, అటూ ఇటుగా మనిషి నడకతో సాగుతుంది. స్పర్శను మోసే లావు తంతువుల్లో ఆ వేగం యాభై మీటర్లు కూడా దాటుతుంది. కాలి వేలు గడపకు కొట్టుకున్నప్పుడు తగిలిందని వెంటనే తెలిసి, సలుపు మాత్రం ఒక క్షణం ఆగి రావడం ఈ తేడా వల్ల. నాలుక మెదడుకు దగ్గర కాబట్టి ఈ నిదానం ఇక్కడ సెకనులో చిన్న భాగాన్ని మించదు. కారం ఆలస్యంలో పెద్ద వాటా చర్మపు పొరలదే.

రెండు దారులు

నాలుక ముందు భాగం నుంచి మంట ట్రైజెమినల్ అనే నాడి ద్వారా వెళ్తుంది. మెదడు నుంచి నేరుగా వచ్చే పన్నెండు జతల నాడుల్లో అది అయిదోది. మూడు పాయలుగా చీలి ముఖమంతటికీ పళ్లకూ కళ్లకూ ముక్కుకూ స్పర్శనూ నొప్పినీ మోస్తుంది. పంటి పోటునూ మిరప మంటనూ మోసేది ఇదే. రుచి వెళ్లేది ఏడో నాడిలో, ఇంకో దారిన. ఆ రుచి తీగ మధ్య చెవిలోంచి, కర్ణభేరి లోపలి పక్క మీదుగా వెళ్తుంది. చెవికి శస్త్రచికిత్స అయ్యాక కొందరికి నాలుక ఒక పక్క రుచి మారినట్టు ఉండడానికి కారణం అదే.

ట్రైజెమినల్ తంతువులు మెదడు కాండంలోకి దిగి, మజ్జాముఖం దాకా వెళ్లి, గ్లూటమేట్, సబ్‌స్టెన్స్ పీ వంటి రసాయనాలను విడుదల చేసి వార్తను తర్వాతి కణాలకు అందిస్తాయి. అక్కడి నుంచి వార్త అవతలి పక్కకు దాటి థాలమస్‌కు చేరుతుంది. ఆ పైన మెదడు పైపొరలో ఒక భాగం మంట నాలుక మీద ఏ చోట ఉందో తేలుస్తుంది. ఇన్సులా అనే మడతల మధ్య ప్రాంతంలో మంట, రుచి, వాసన ఒకచోట చేరతాయి. వేర్వేరు దారుల్లో వచ్చిన ఉప్పు, పులుపు, మెంతి చేదు, మంట అన్నీ కలిసి "ఆవకాయ" అయ్యేది ఇలాంటి చోటే. మంట బాధగా ఉందా, బాగుందా అన్న తీర్పులో మెదడులోని మరికొన్ని ప్రాంతాలు పాలుపంచుకుంటాయి.

ఆవకాయలో ఆవ సంగతి కూడా చెప్పాలి. ఆవగింజలో ఒక పదార్థమూ దాన్ని విరగ్గొట్టే ఎంజైమూ విడివిడిగా ఉంటాయి. పిండి కొట్టి తడి తగిలిస్తే రెండూ కలిసి ఘాటైన మరో రసాయనం పుడుతుంది. క్యాప్సైసిన్‌లా అది నాలుక మీదే ఉండిపోదు. ఆవిరై గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. అది తెరిచే ప్రోటీన్ కూడా వేరు, టీఆర్‌పీఏ1. కొత్తావకాయ మొదటి ముద్దకు మాడు అదిరితే అది ఆవ పని, మిరప పని కాదు. నాడి మాత్రం అదే ట్రైజెమినల్, ముక్కుకు వెళ్లే పాయ.

ఒంటి జవాబు

నోరు కాలుతోందని వార్త అందింది. అది నిజమా కాదా అని మెదడు కాండం విచారించదు. లాలాజలం ఊరుతుంది, ముక్కు కారుతుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి. ఒంటిలోకి వచ్చిన చెడును కడిగేయడానికి ఉన్న ఏర్పాట్లివి. నుదుటి మీదా ముక్కు మీదా చెమట పడుతుంది, ఒంటిని చల్లబరచడానికి. నాడుల కొసలు తమ చుట్టూ విడిచే రసాయనాల వల్ల రక్తనాళాలు విప్పారి పెదవులు ఎర్రబడతాయి. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఆ పొగకు దగ్గు రావడమూ ఈ వరసలోదే, అక్కడ వార్తను మోసేది వేగస్ నాడి. దగ్గును అధ్యయనం చేసే ప్రయోగశాలల్లో పీల్చడానికి క్యాప్సైసిన్ తుంపరలనే వాడతారు.

ఇంత జరిగినా మళ్లీ ముద్ద కలుపుతాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ మెక్సికోలోని ఒక పల్లెలో దీన్ని పరిశీలించి 1980లో ప్రచురించాడు. అక్కడి పిల్లలు బలవంతం లేకుండా, పెద్దలు తింటుంటే చూసి కొంచెం కొంచెంగా కారాన్ని ఇష్టపడడం నేర్చుకుంటున్నారు. అవే ఇళ్లలో మిగిలిన కారపు తిండి తిని పెరిగే పందులూ కుక్కలూ, ఎంచుకునే వీలిస్తే కారం లేనిదే కోరుకున్నాయి. నాడులు చెప్పిన వార్త ఒకటే. ప్రమాదం లేదని తెలిసి ఆ మంటను ఆస్వాదించడం మనిషి మెదడు పని. కారం తినలేని పిల్లవాడిని నలుగురిలో వెక్కిరించి తినిపించడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. వాడి నాలుక చెబుతున్నది నిజంగా నొప్పే.

ఆర్పడం

మంట పుట్టగానే చేయి మంచినీళ్ల గ్లాసు మీదికి పోతుంది. నీళ్లు నోట్లో ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది, చల్లదనానికి తూము కొంత మూసుకుంటుంది కాబట్టి. మింగగానే మంట మళ్లీ వస్తుంది. క్యాప్సైసిన్‌ను నీళ్లు కడగలేవు. పాలు, పెరుగు, మజ్జిగ కడగగలవు. వాటిలోని వెన్న ఒక కారణం, కేసిన్ అనే ప్రోటీన్ ఇంకో కారణం. అందుకే వెన్న తీసిన పాలు కూడా బాగానే పనిచేస్తాయి. ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకుంటే మంట తగ్గడానికి కారణం, క్యాప్సైసిన్‌లో కొంత నెయ్యిలోనే ఉండిపోయి నాలుకలోకి దిగకపోవడం. మన భోజనం పెరుగన్నంతో ముగియడం ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది.

చేతులు మండినప్పుడూ ఇదే సూత్రం. ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. వేడినీళ్లు పోస్తే అదే తూము ఇంకా తెరుచుకుంటుంది. మిర్చికి తొడిమలు తీసే కూలీల చేతులకూ కళ్లకూ గొంతుకూ రోజంతా తగిలేది ఈ రసాయనమే. వాళ్లకు గ్లవ్సులు, ముక్కుకు మాస్కు ఇవ్వడం పని చేయించుకునేవారి బాధ్యత, దయ కాదు.

నాడి అలసిపోవడం

చివరి దశ మంట ఆరడం. క్యాప్సైసిన్ నెమ్మదిగా చెదిరిపోవడం ఒక కారణమైతే, తూము తనంతట తాను మొద్దుబారడం ఇంకో కారణం. లోపలికి వచ్చిన కాల్షియమే ఆ ప్రోటీన్‌ను కట్టడి చేస్తుంది. వెంట వెంటనే ముద్దలు తింటుంటే మంట మీద మంట పెరుగుతుంది. తినడం ఆపి పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ రుచి చూస్తే తక్కువగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి తినేవారికి మంట తక్కువ తెలియడంలో ఇలా మొద్దుబారడానికీ భాగముంది, అలవాటుకూ ఉంది. కారం తినడం మానేస్తే ఆ సున్నితత్వం తిరిగి వస్తుంది.

ఈ మొద్దుబారడాన్ని మొదట పద్ధతి ప్రకారం పరిశోధించింది మిరప అంటే ప్రాణమిచ్చే మరో దేశం, హంగేరీ. మిక్లోష్ యాంచో అనే ఫార్మకాలజిస్టు 1940ల్లో జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్యాప్సైసిన్ మళ్లీ మళ్లీ సోకితే నాడులు దానికే కాకుండా నొప్పి కలిగించే ఇతర రసాయనాలకూ స్పందించడం మానేస్తాయని గమనించాడు. దాన్నుంచే ఒక మందు పుట్టింది. సర్పి మానిపోయాక కూడా నెలల తరబడి చర్మం మండే రోగుల కోసం 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీకి 2009లో అమెరికాలో అనుమతి వచ్చింది. నొప్పి ఉన్న చోట ముందు మత్తుమందు పూసి, పట్టీని గంటసేపు ఉంచి తీసేస్తారు. తూములు అంతసేపు తెరిచి ఉంచితే నాడుల కొసలు తట్టుకోలేక చర్మంలోంచి వెనక్కి తగ్గుతాయి, వార్తలు పంపడం ఆపుతాయి. ఉపశమనం మూడు నెలల దాకా ఉండవచ్చు. ఆలోగా కొసలు మళ్లీ చర్మంలోకి పెరుగుతాయి, నొప్పి తిరిగి వస్తే పట్టీ మళ్లీ వేస్తారు.